మగ్గు

కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిన రాత్రి అది.
కంటోన్మెంటులో ఫోన్ల షాపు ముందు
నా కాపలా కుర్చీ, టార్చిలైటు, ఫ్లాస్కూ.
రిపేరు పిల్ల నీలవేణి షట్టరు దించుతూ
"మావా, ఇది ఎవులో ఒగ్గీసిన ఫోను.
పాటలొస్తాయి. నిద్దరట్టదు" అని
ఒళ్లో పడేసి స్కూటీ ఎక్కేసింది.

వేలు జారినచోట ఒక బొమ్మ,
కింద రెండక్షరాలు.
మగ్గం, అనుకున్నాను.
విజీనారం జూట్ మిల్లులో
ఇరవయ్యారేళ్లు నిలబడ్డవాడికి
మ పక్కన గ, దాని కింద వత్తు కనిపిస్తే
మిగతాది కళ్లే అల్లేసుకుంటాయి.
ఎవడో మన మీద పాట కట్టాడని నొక్కాను.

మగ్గం కాదు. మగ్గు.
నీళ్లు ముంచుకునే పసుప్పచ్చ ప్లాస్టిక్ మగ్గు.
స్నానాలగదిలో కూచుని పాడినట్టు ఒక కుర్ర గొంతు,
అద్దెమేడకి రోజు విడిచి రోజొచ్చే నీళ్ల గురించి,
పక్కవాటాలో బకెట్టు నిండుతుంటే
ఆ చప్పుడు వెనక ఒకమ్మాయి అడుగులు వెతుక్కోవడం గురించి.
దీనికి కూడా పాటెందుకు, అనుకున్నాను.
అనుకుంటూనే రెండోదీ విన్నాను.

మొత్తం తొమ్మిది.
మూడోది మధ్యలో ఆగి, ఎవరో దగ్గి, మళ్లీ మొదలవుతుంది.
చెరపలేదు. దగ్గుకీ వంతు ఉన్నట్టుంది.
ఐదోదానిలో కాంప్లెక్సులో బస్సు తప్పిపోయిన పిల్ల
సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం అని
బోర్డులు చదువుకుంటూ పోతుంది, ఇంకో మాట లేదు.
ఆ బస్సులన్నీ నేనెక్కినవే.
ఆ పేర్లని సాగదీసి పలకొచ్చని ఎవరూ చెప్పలేదు.
ఏడోది మాత్రం మిక్సీ తిరిగినట్టుండేది.
అదొస్తే తీసేసి టీ తాగేవాణ్ణి.

ఒక సంగతి చెప్పలేదు.
నా ఎడమ చెవి మిల్లు తీసుకుంది,
జీతంలో కోతలాగ, నెలకింత.
లాకౌటు నాడు అంతా నిశ్శబ్దమైపోయిందన్నారు.
నాకు కుడివైపే అయింది.
ఎడమవైపు మగ్గాలింకా ఆడుతున్నాయి.

అంచేత కుడిదొక్కటే పెట్టుకునేవాణ్ణి,
రెండోది గుండీ మీద వేలాడేది.
పన్నెండో రాత్రి కరెంటు పోయి
చీకట్లో తప్పుది దూర్చుకున్నాను.
మొదటి పాటే. గొంతు లేదు!
బకెట్టు అడుగున వేళ్ల దరువు,
తీగ మీద గోరు గీరుకున్న చప్పుడు,
ఎక్కడో వెనకాల ఒక ఆడగొంతు
మాటల్లేకుండా, వంటింట్లోంచి పలికినట్టు.
పదకొండు రాత్రులూ ఆ పిల్ల
నా చొక్కా గుండీకి పాడిందన్నమాట.

నీలవేణి నవ్వి, "సెట్టింగు మార్సీనా మావా?
రెండూ ఒక సెవిలోకే ఒచ్చీలాగ?"
ఒద్దు తల్లీ. కలిపితే ఒకటే.
ఇప్పుడు నాకు రెండున్నాయి.

ఆదివారం టీ బడ్డీ కాడ గౌరునాయుడు.
అవతలి వరస మగ్గం వాడిది,
వాడికి పోయింది కుడి చెవి.
బెంచీ మీద నా కుడిపక్కన కూచోబెట్టాను.
నా మంచి చెవి, వాడి మంచి చెవి,
మధ్యన జానెడు తీగ.

"పాటేదిరా? ఒట్టి బకెట్టు వాయిస్తన్నాడు."
"పాడతన్నాడు కదరా, నీళ్లు రానేదని."
"నీళ్లేటి? ఎవులో ఆడకూతురు మూలుగుతంది."
"మూలుగు కాదెహె, ఉండు."
పక్కబెంచీ కుర్రాళ్లు మావైపు చూశారు.
చెవిటోళ్ల మాటలు కదా, ఊరంతా వింటుంది.

టీ మీద మీగడ కట్టింది.
ఏడోది వచ్చింది. తీసెయ్యబోయాను.
గౌరునాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు,
తల ఊగుతోంది, కాలు ఊగుతోంది,
షటిల్ ఇటునుంచి అటు పోయినట్టు.
"ఇదిరా. ఇది బాగుంది."

ఏదీ,
నీది ఇలాగియ్యి.